మూడో టేబుల్

గురువారం సాయంత్రం ఆరింటికి
గ్లాస్గోలో, గోవన్ పేటలో, చర్చి వెనక హాల్లో
మడత బల్లలు మూడు వేస్తాం.
నాది మూడోది, కుంటిది.
దాని కాలి కింద పెట్టిన కాగితం
‘మీ హక్కులు తెలుసుకోండి’ అనే కరపత్రం.
నాలుగు మడతలు పెడితే సరిగ్గా సరిపోయింది.

ఇక్కడ ఫీజు లేదు.
టీ ఉంది, విరిగిన బిస్కెట్లున్నాయి,
గోడకి ఆనించిన గొడుగుల కింద
మెల్లగా మడుగు కడుతున్న వాన ఉంది.
మనిషికి ఇరవై నిమిషాలు.
మొదటి పదీ అందరూ క్షమాపణలే చెబుతారు:
మీ టైం తింటున్నాను, చిన్న విషయమే, నాదే తప్పేమో.
చట్టంలో వాటికి సెక్షన్ లేదు గనక
ఊరికే వింటాను.

ఇవాళ ఐదో నంబరు చీటీతో సెంగా డాకర్టీ.
ఆస్పత్రి లాండ్రీలో పని. దగ్గరికొస్తే సబ్బు వాసన.
ఉత్తరాన్ని రొట్టె సంచిలో పెట్టి తెచ్చింది,
తడవకూడదని.
ఏడేళ్ళుగా అదే ఇల్లు, పై అంతస్తు.
పడగ్గది గోడ నల్లగా బూజెక్కిందని
మూడుసార్లు ఫోన్ చేసిందట.
నాలుగోసారి
బాగుచేసేవాడు రాలేదు, ఇది వచ్చింది.

విప్పాను.
మొదటి వాక్యం చదువుతుండగానే
రెండోది నోటికొచ్చేసింది.

అది నేను రాసిందే.
ఈ ఉత్తరం కాదు, దీని అచ్చు.
నాలుగేళ్ళ కిందట, నది అవతల, ఏడో అంతస్తులో
మంచి కాఫీ తాగుతూ
‘దయచేసి గమనించగలరు’ ఉంచాలా తీసెయ్యాలా అని
అరగంట తర్జనభర్జన పడి
ఉంచాను,
మర్యాదగా ఉంటుందని.
పేరు దగ్గర ఖాళీ, చిరునామా దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ.
ఆ ఖాళీలో ఇప్పుడు సెంగా కూర్చుంది
కోటు గుండీలు విప్పకుండా.

పగలు నేను ఎవరి మనిషినో
కాగితం అడుగున ముద్ర వేసి ఉంది.
రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని
ఓడలు కట్టిన ఊళ్ళో ఒకరు చెప్పాలా?

“మన్నించండి, మీ కేసు నేను చూడకూడదు.
పక్క బల్ల దగ్గర అమ్మాయి చూస్తుంది.”
“ఎందుకు? అంత చెడ్డగా ఉందా?”
ఎందుకో చెప్పే వీల్లేదు.
బిస్కెట్ తీసుకోమన్నాను.

కానీ అప్పటికే చూసేశాను.
తేదీ.
పోస్టుకి పట్టే రెండు రోజులూ
గడువులో కలపడం మరిచారు.
ఉత్తరం చెల్లదు.
ఆ మాట నా నాలుక కింద ఉంది
కరగని మందుబిళ్ళలా.

నబీలా. ట్రైనీ, రెండో ఏడు.
పెన్ను మూత నములుతుంది, అందరినీ ఆంటీ అంటుంది.
కాగితం మీద వేలు పెట్టి చదువుతోంది
బడిపిల్లలా, అక్షరం పొల్లుపోకుండా.
నేను ఆరో నంబరు ఆయన
కుక్క కరిచిన కథ వింటున్నాను.
వింటున్నానా.
వేలు పేరు దాటింది.
చిరునామా దాటింది.
‘దయచేసి గమనించగలరు’ దాటింది.
తేదీ కూడా దాటింది.

నా చేతిలో టీ చల్లారిపోయింది.

అప్పుడు వెనక్కొచ్చింది ఆ వేలు.
ఆగింది.
ఎడమ చేతి కణుపుల మీద
పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టింది.

“కుక్క ఏ రంగు?” అని అడిగాను ఆయన్ని.
చట్టానికి బొత్తిగా అక్కర్లేని ప్రశ్న.

ఇది గెలుపేం కాదు.
సరిగ్గా లెక్కపెట్టి మళ్ళీ పంపుతారు,
అచ్చు ఉండనే ఉంది.
చలికాలం గడుస్తుందేమో ఆ ఇంట్లోనే,
బూజు పట్టిన గోడ పక్కనే.

వెళ్తూ సెంగా నా బల్ల దగ్గర ఆగింది.
సంచి మడిచి జేబులో పెట్టుకుంటూ
“ఆ పిల్ల బంగారం,” అంది.
నా భుజం తట్టి,
“నీకూ వచ్చేస్తుందిలే, మెల్లగా.”

తొమ్మిదింటికి బల్లలు మడిచాం.
కరపత్రం ఒక్కటే నేల మీద మిగిలింది.
తడిసింది గానీ
వచ్చే గురువారానికి పనికొస్తుంది.